ఎనిమిది ముక్కల్లో ఒకదానికి రెండు మార్కులే వేసుకున్నాను

చెరువుగట్టు | శనివారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాసింది లేదు. వయసు 41, సాఫ్ట్‌వేర్, ఉండేది హైదరాబాద్‌లో, నల్లగండ్ల.

గురువారం మా ఆఫీసులో వెల్‌నెస్ సెషన్ అని కూర్చోబెట్టారు. సమోసా ఉందంటే వెళ్ళాను. ఒకావిడ అందరికీ కాగితాలు పంచారు. కాగితం మీద ఒక చక్రం, అందులో ఎనిమిది ముక్కలు: ఆరోగ్యం, డబ్బు, ఉద్యోగం, కుటుంబం, స్నేహితులు, నేర్చుకోవడం, సరదా, ఆధ్యాత్మికం. ఒక్కోదానికి పదికి ఎన్నో మీరే వేసుకోండి అన్నారు. డబ్బుకి 8, ఉద్యోగానికి 7, కుటుంబానికి 6 వేసుకుని దర్జాగా పోతున్నాను. స్నేహితుల దగ్గరికొచ్చేసరికి ఆవిడ అడిగారు కదా, "రాత్రి పదకొండింటికి ఊరి బయట మీ బండి ఆగిపోయింది. ఎవరికి ఫోన్ చేస్తారు? మూడు పేర్లు రాయండి."

మొదటి పేరు మా బావమరిది. రెండోది ఆఫీసు ట్రాన్స్‌పోర్ట్ డెస్క్. మూడోది రాలేదు. పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను. చివరికి 2 వేసుకున్నాను. మార్కుల దగ్గర పెట్టిన చుక్కలన్నీ గీతతో కలిపితే అది చక్రంలా లేదు, సంచిలో నలిగిన అప్పడంలా ఉంది.

ఆరోగ్యానికి 4. క్యాంపులో బీపీ 142/94 చూపించింది, బరువు 86. ఇంటి లోను 2037 దాకా. నాన్నగారు నల్గొండలో ఒక్కరే ఉంటారు, రెండు నెలలకోసారి వెళ్తాను.

ఇంటికొచ్చి ఎక్సెల్‌లో పట్టిక వేశాను. ఐదింటికి జిమ్, అరగంట ధ్యానం, ఏడింటికల్లా భోజనం, నెలకో పుస్తకం, ప్రతి శనివారం నల్గొండ. మా ఆవిడ చూసి నవ్వి, "బావుంది, పిల్లాడి హోంవర్క్ ఏ గడిలో ఉంది?" అంది.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. అన్నీ ఒకేసారి అయ్యే పని కాదని నాకూ తెలుసు.

ఉస్మానియా బిస్కట్ | శనివారం, రాత్రి 11:58

సమోసా పెట్టి జీవితం మీద బెంగ పుట్టించడం కార్పొరేట్ వాళ్ళకే చెల్లింది. పన్నెండు గంటలు పని చేయించేదీ వాళ్ళే, సరదాకి ఎన్ని మార్కులని అడిగేదీ వాళ్ళే. మా తాతకి చక్రం అంటే ఎడ్లబండిది. ఎనభై ఆరేళ్ళు బతికాడు, ఒక్క ముక్కకీ మార్కులు వేసుకోలేదు. పడుకోండి సార్.

తార్నాక టీచరమ్మ | ఆదివారం, ఉదయం 5:20

ఉస్మానియా బాబూ, మీ తాతగారికి చక్రం అక్కర్లేకపోవడం నిజమే. ఆయన తరఫున ఊరే అన్నీ చూసుకుంది కనుక. పొలానికి నడక తప్పదు, సాయంత్రం రచ్చబండ తప్పదు, చీకటి పడితే నిద్ర తప్పదు. వాటి మీద ఆయన ప్రత్యేకంగా ధ్యాస పెట్టాల్సిన పని పడలేదు. ఈ అబ్బాయి మూడో అంతస్తులో కూర్చుని లిఫ్టులో దిగి కారులో పోతాడు. ఏదీ దానంతటది జరగదు, ప్రతిదీ పనిగట్టుకుని చేసుకోవాలి. అయినా చక్రం కొత్తదేమీ కాదు. ధర్మార్థకామమోక్షాలని మనవాళ్ళు నాలుగు ముక్కలు చేసి పెట్టారు. అర్థం ఒక్కటే చూసుకుంటే చాలని అందులోనూ అనలేదు.

చెరువుగట్టు గారూ, నేను ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. యాభై మంది పిల్లల్లో అల్లరి చేసేవాళ్ళ పేర్లే నాలుక మీద ఉంటాయి. వెనక బెంచీలో నోరెత్తకుండా కూర్చున్నవాడు ఎప్పుడు వెనకబడిపోయాడో సంవత్సరం పరీక్షల దాకా తెలియదు. మీ ఉద్యోగం రోజుకి వందసార్లు మిమ్మల్ని పిలుస్తుంది. బ్యాంకు నెలకోసారి ఖచ్చితంగా అడుగుతుంది. పిల్లాడు ఏడ్చి మరీ అడుగుతాడు. స్నేహితుడు అడగడు. మీ నాన్నగారు అసలే అడగరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మరి అడగనివాటికి మీరు మాత్రం ఎక్కడ పెడతారు?

అందుకని ఆ ఎక్సెల్ పక్కన పెట్టండి. నోరులేని ముక్కలు ఏవో ముందు గుర్తుపట్టండి.

మూడో వార్డు | ఆదివారం, ఉదయం 7:05

నైట్ డ్యూటీ దిగి బస్సులో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. స్టాఫ్ నర్సుని. టీచరమ్మ చెప్పిన నోరులేనివాటిలో బీపీ మొదటిది. అది నొప్పి పెట్టదు, దగ్గు రాదు. మా వార్డులో పక్షవాతంతో వచ్చినవాళ్ళ ఇంట్లోవాళ్ళని అడిగితే ఎక్కువమంది అనే మాట, "బీపీ ఉన్నట్టే తెలీదు మేడమ్."

క్యాంపులో ఒక్కసారి 142/94 వచ్చిందని బీపీ ఉన్నట్టు కాదు. లేదని వదిలేయడానికీ లేదు. చేతికి చుట్టే మిషన్ ఒకటి కొనండి, మణికట్టుది వద్దు. టీ, కాఫీ, సిగరెట్ అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్ళు నేల మీద పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. ఫోన్ చూడకూడదు, అందరూ తప్పేది అక్కడే. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. పొద్దున, రాత్రి, వారం రోజులు. మొదటిరోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో చూసుకున్నప్పుడు 135/85 గానీ అంతకు మించిగానీ ఉంటే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

బరువు కన్నా బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి. మనవాళ్ళలో మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. హెచ్‌బీఏ1సీ చేయించండి, మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష అది. 5.7 నుంచి 6.4 మధ్య వస్తే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టు, 6.5 అయితే ఇంట్లోకి వచ్చేసినట్టు.

ఇంకో ప్రశ్న మీ ఆవిడగారికి: ఈయన గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి మళ్ళీ మొదలవుతుందా? అయితే నిద్ర పరీక్ష చేయించండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంటే బీపీ మందులకి కూడా ఒక పట్టాన లొంగదు. పగలంతా ఉండే నీరసాన్ని బద్ధకం అనుకుంటూ ఏళ్ళు గడిపేస్తారు.

స్టాప్ వచ్చింది.

ఉస్మానియా బిస్కట్ | ఆదివారం, ఉదయం 9:31

టీచరమ్మగారి మాటకి ఎదురు చెప్పను, నాకూ వెనక బెంచీయే. కానీ ఐదింటికి జిమ్ మాత్రం వద్దు సార్. నిద్ర సుఖమెరుగదంటారు గానీ మీ నిద్ర లాప్‌టాప్ ఎరుగుతుంది. పన్నెండింటికి పడుకుని ఐదింటికి లేస్తే ఆరోగ్యానికి ఒక మార్కు పెరిగి రెండు తగ్గుతాయి. మా ఫ్రెండ్ జనవరిలో ఏడాదికి డబ్బు కట్టాడు. ఫిబ్రవరి నుంచి ఆ జిమ్ ముందు బజ్జీలబండి దగ్గరే కలుస్తున్నాం.

పోపులపెట్టె | ఆదివారం, మధ్యాహ్నం 2:15

అందరి భోజనాలూ అయ్యి, గిన్నెలు సర్ది ఇప్పుడు కూర్చున్నాను. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఆ ఎనిమిది ముక్కల్లో ఇంటి పని అనే ముక్క లేదు, గమనించారా? ఆ చక్రం వేసినవాళ్ళెవరో గానీ వాళ్ళింట్లో బియ్యం అయిపోయిన సంగతి ఇంకెవరో చూసుకుంటున్నారు. అన్నయ్యా, వదిన నవ్వింది సరదాకి కాదు. మీ పట్టికలో ఏడింటికల్లా భోజనం అని ఉంది. అది ఏడింటికి పళ్ళెంలోకి రావాలంటే ఎవరి సాయంత్రం పోతుంది?

నేనూ ఇంటినుంచే ఉద్యోగం చేస్తాను, కూకట్‌పల్లి. పోయినేడు మా ఆయనకి కొలెస్ట్రాల్ అన్నారు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024 మేలో కొత్త ఆహార సూచనలు ఇచ్చారు, మొత్తం 17. నేను కూర్చుని అందులో అంకెల్ని మా వంటింటికి మార్చుకున్నాను. రోజుకి రెండు వేల కేలరీలు తినే మనిషికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. మేం నలుగురం. నెలకి మూడు కిలోల రెండు వందల చిల్లర, అంటే మూడున్నర లీటర్లు. మా ఇంటికొచ్చేది ఐదు లీటర్ల క్యాను. ఇరవై ఎనిమిదో తారీకుకల్లా ఖాళీ! నెయ్యి వేరే.

ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాములు మించొద్దట. నలుగురికి నెలకి 600 గ్రాములు. మాకు కిలో ప్యాకెట్ అయిపోతోంది. దానికితోడు అమ్మ పంపిన ఆవకాయ జాడీ, వడియాలు, అప్పడాలు ఏ లెక్కలో వేయాలో తెలియలేదు. ఆవకాయ మానేయమని ఎవరైనా అంటే ఈ చర్చలోంచి లేచిపోతాను. మేం చేసింది ఏంటంటే ఆవకాయ వేసుకున్న పూట పప్పులో ఉప్పు సగం. మొదటి వారం అందరూ మొహాలు చిట్లించారు, నెల తిరిగేసరికి హోటల్ సాంబారు ఉప్పగా అనిపించింది.

ఇంకోటి. వాళ్ళ పళ్ళెంలో బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి రోజుకి 250 గ్రాములు, కూరగాయలు 400. మన కంచంలో సరిగ్గా తిరగబడి ఉంటుంది. కొండంత అన్నం, పక్కన చెంచాడు బీరకాయ. అందుకే ఇప్పుడు ఎర్రగడ్డ రైతుబజారుకి బుధవారం మా ఆయన, ఆదివారం నేను. ఆయన మొదటిసారి వెళ్ళి మూడు కిలోల దోసకాయలు, ఒక కొత్తిమీర కట్ట తెచ్చారు. ఏమీ అనలేదు. అంటే రెండోసారి వెళ్ళరు.

రాత్రి బండి | ఆదివారం, సాయంత్రం 6:40

అన్నా నమస్తే. నేను క్యాబ్ నడుపుత. రాత్రి తొమ్మిదికి ఎక్కితే పొద్దుగాల ఆరింటిదాకా, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు, హైటెక్ సిటీకి. మీ చక్రం జూసిన. నాకు అన్నీ గుండు సున్నలే, మరి బండి ఎట్ల నడుస్తుందో ఏమో.

నవ్వుడు కాదు గని ఒకటి చెప్త. పోయిన ఎండకాలం తెల్లారగట్ల నాలుగింటికి ఔటర్ రింగ్ రోడ్డు మీద రెప్ప వాలింది. ఒక్క సెకను. కళ్ళు తెరిచేసరికి రెయిలింగు పక్కకే ఉన్నది. వెనక సీట్ల ఒకమ్మ చంటిపిల్లను పట్టుకొని కూసున్నది, ఆమెకు తెల్వనే తెల్వదు. దింపినంక చేతులు వణికినయ్. ఆ దినం ఇంక బండి తీయలే.

పగలు పండుకుందామంటే ఇల్లు ఒక్కటే రూము. మిక్సీ, బోరు మోటరు, పిల్లలు. మా బస్తీ దవాఖానకు పోతే బీపీ, షుగరు జూసిన్రు, పైసలు తీస్కోలే. నీళ్ళు తాగుతలేవా అని అడిగింది డాక్టరమ్మ. ఏం తాగుత అక్కా, తాగితే ఎక్కడ పోవాలె? ఔటర్ మీద ఆపుతె చలానా.

మీరు ఐదింటికి లేవాలె అని మాట్లాడుకుంటున్రు. ఐదింటికి నేను ఇంక బండి మీదనే ఉంట. మా అసుంటోల్లకు ఏమన్న ఉంటె చెప్పున్రి.

మూడో వార్డు | ఆదివారం, రాత్రి 8:12

తమ్ముడూ, నేనూ నెలకి పది రాత్రులు మేలుకునేదాన్నే, కాబట్టి ఇది పుస్తకం చదివి చెప్పేది కాదు. కళ్ళు బరువెక్కితే పాట పెంచడం, కిటికీ దించడం, మొహం కడగడం ఏవీ ఎక్కువసేపు పనిచేయవు. పెట్రోల్ బంకులో ఆపి చాయ్ తాగి, తాగిన వెంటనే ఫోన్లో ఇరవై నిమిషాలకి అలారం పెట్టి సీటు వాల్చి పడుకో. చాయ్ తలకెక్కడానికి అంత టైం పడుతుంది. లేచేసరికి రెండూ కలిసొస్తాయి. లేచాక ఐదు నిమిషాలు నడిచి అప్పుడు స్టీరింగ్ పట్టుకో.

ఇంటికెళ్ళేటప్పుడు ఎండ కళ్ళలో పడకుండా నల్ల కళ్ళద్దాలు. కిటికీకి మందం దుప్పటి. రాత్రి రెండు మూడింటికి బిర్యానీ వద్దు, షిఫ్టుకి ముందు ఇంట్లో తిని, మధ్యలో అరటిపండో, పల్లీలో. నీళ్ళు మానేస్తే కిడ్నీలో రాళ్ళు వస్తాయి, అప్పుడు నెల రోజుల కిరాయి ఒక్క స్కానింగుకి పోతుంది. ఎయిర్‌పోర్టులో దింపిన ప్రతిసారీ బాత్రూముకి వెళ్ళు, రాకపోయినా వెళ్ళు. ఆ తర్వాతే అర సీసా నీళ్ళు. రూట్ ముందే తెలుసు కదా, నీళ్ళని కూడా దాన్నిబట్టే తాగాలి.

పిల్లల గొడవకి నా దగ్గర మందు లేదు. మా ఇంట్లో తలుపు మీద "అమ్మ పడుకుంది" అని మా పాప బొమ్మ వేసి అంటించింది. సగం రోజులు పనిచేస్తుంది.

పద్దుపుస్తకం | ఆదివారం, రాత్రి 9:50

బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చెరువుగట్టు గారు డబ్బుకి 8 వేసుకున్నారు. ఈ ఎనిమిదే నాకు గుచ్చుకుంది, మిగతావి మీరంతా చూసుకోండి.

అయ్యా, ఆరోగ్య బీమా ఆఫీసుదేనా, సొంతది ఉందా? ఆఫీసుదే అయితే ఉద్యోగం పోయిన రోజున అదీ పోతుంది. ఏడేళ్ళకి పోయిందనుకోండి, అప్పటికి మీకు 48, బీపీ, పక్కన షుగర్. కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచి ఉన్న జబ్బులకి గరిష్ఠంగా 36 నెలలు ఆగమంటారు. 2024కి ముందు అది 48 నెలలు. ఆ గడియారం ఇప్పుడే తిరగడం మొదలుపెట్టాలంటే ఇప్పుడే సొంత పాలసీ తీసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు, కాబట్టి ఆ సాకూ చెల్లదు. దరఖాస్తులో బీపీ సంగతి దాచకండి. దాచినవాళ్ళ క్లెయిములు ఎలా తిరిగొస్తాయో కౌంటర్ ఇవతల కూర్చుని చాలా చూశాను.

రెండోది. 2037 దాకా ఇంటి లోను అన్నారు. మీకేమైనా అయితే ఆ వాయిదా ఎవరు కడతారు? మనిషి పోతే ఇంట్లోవాళ్ళకి డబ్బు వచ్చే టర్మ్ పాలసీ ఉందా?

మూడోది అన్నిటికన్నా చిన్నది, ఎవరూ చేయరు. ఒక మధ్యాహ్నం మా బ్రాంచికి ఒకావిడ వచ్చింది, పదకొండో రోజు కార్యక్రమం కూడా కాలేదు. చేతిలో భర్త పర్సు. అందులో ఉన్న నాలుగు కార్డులు బల్ల మీద పరిచి, "ఇందులో మీ బ్యాంకుది ఏది బాబూ?" అని అడిగింది. ఆయన పెద్ద ఉద్యోగి, జీతం బాగా వచ్చేది. డబ్బు ముక్కకి ఆయనా ఎనిమిదే వేసుకుని ఉండేవాడు.

ఒక నోటుబుక్కు కొనండి. ఏ ఖాతా ఎక్కడ, ఏ పాలసీ ఎవరిది, ఎవరికి బాకీ, ఎవరు మనకి బాకీ, లాకర్ తాళం ఎక్కడ. ఆదివారం మీ ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ చేతిరాతతో రాయించండి, మీరు రాసి బీరువాలో పెడితే లాభం లేదు. నామినీలు చూసుకోండి. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా పెట్టుకోవచ్చు. పెళ్ళికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇప్పటికీ అమ్మ పేరే ఉంటుంది, అమ్మ పోయి ఆరేళ్ళయినా సరే. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, ఆస్తి హక్కుదారు అని అర్థం కాదు. దానికి వీలునామా వేరు.

ఇరవైమూడు కిలోమీటర్లు | ఆదివారం, రాత్రి 10:04

నల్లగండ్ల వాళ్ళకి జిమ్ ఎందుకండీ? ఔటర్ సర్వీస్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన సైకిల్ ట్రాక్ కొల్లూరు నుంచి నార్సింగి దాకా ఉంది, ఇంకో ముక్క నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీకి. రెండూ కలిపి 23 కిలోమీటర్లు, 2023 అక్టోబర్ 1న తెరిచారు. ఎండా వానా ఏదైనా నీడలోనే తొక్కొచ్చు. నా పేరు అక్కడిదే. ఇప్పటికి మొత్తం ఒక్కసారే పూర్తి చేశాను, అయినా పేరు మార్చుకోలేదు.

పోపులపెట్టె | ఆదివారం, రాత్రి 10:20

చిలుకూరు బాలాజీ గుళ్ళో 108 ప్రదక్షిణలు చేయండి అన్నయ్యా. నడక ముక్కలోనూ వేసుకోవచ్చు, ఆధ్యాత్మికంలోనూ వేసుకోవచ్చు. కోరిక తీరాకే 108, ముందు మాత్రం పదకొండే, అది గుర్తుంచుకోండి.

మూడో వార్డు | ఆదివారం, రాత్రి 10:26

పదకొండుతో సరిపెట్టొద్దు. వారానికి కనీసం 150 నిమిషాలు, మాట్లాడగలం కానీ పాట పాడలేం అన్నంత వేగంగా నడవాలి. వారంలో రెండు రోజులు కండరాలకి పని. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ మీద దండీలు, రెండు చేతుల్లో నీళ్ళ సీసాలు. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు.

కొత్తపేట హాస్టల్ | సోమవారం, రాత్రి 1:13

ఇంత పెద్దవాళ్ళ మధ్య రాయొచ్చో లేదో. నాకు 24. వరంగల్ పక్క పల్లె మాది. కోచింగ్ కోసం వచ్చి రెండేళ్ళు. గదిలో నలుగురం, అయినా ఎవరితోనూ మాటల్లేవు, అందరి చెవుల్లో ఇయర్‌ఫోన్లే. చెరువుగట్టు సార్‌కి రెండు పేర్లయినా వచ్చాయి. నేనూ రాద్దామని చూశాను, ఒక్కటీ రాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే నోటిఫికేషన్ పడిందా అంటారు. అందుకే వారంగా చేయట్లేదు. నిద్ర పట్టట్లేదు.

మూడో వార్డు | సోమవారం, రాత్రి 1:21

తమ్ముడూ, డ్యూటీలోనే ఉన్నాను, మేలుకునే ఉన్నాను. ఇలా ఎన్నాళ్ళనుంచి? తిండి తింటున్నావా? 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. పిచ్చి పట్టినవాళ్ళకి కాదు అది. నిద్ర పట్టట్లేదు అని చెప్పు చాలు. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆగకు, ఇప్పుడే చెయ్, పక్క మంచం మీదవాణ్ణి లేపి చెప్పు. ఇక్కడ నాకు జవాబు రాయి.

కొత్తపేట హాస్టల్ | సోమవారం, రాత్రి 1:34

అంతదాకా లేదక్కా. తింటున్నా. చేస్తాను.

తార్నాక టీచరమ్మ | సోమవారం, ఉదయం 5:10

నాన్నా, సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, 1901లో పెట్టిన గ్రంథాలయం. మెట్రోలో వెళ్ళిపోవచ్చు. గదిలో ఇయర్‌ఫోన్ల మధ్య చదివేకన్నా మనుషులున్న బల్ల దగ్గర చదువు. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. రోజూ ఒకే కుర్చీలో కూర్చో. వారం తర్వాత పేపరు చదివే ఏ పెద్దాయనో ఒక రోజు రాకపోతే "నిన్న కనపళ్ళేదే" అని నిన్ను అడుగుతాడు. మావారు పోయాక నేను ఇంట్లోంచి బయటికి రావడం మొదలైంది ఆ ఒక్క మాటతోనే. పార్కులో ఎవరో, పేరు కూడా తెలియదు, "నిన్న రాలేదేం?" అంది. మనం రాకపోతే లెక్కపెట్టేవాళ్ళు ఒకరున్నారని తెలిస్తే మర్నాడు చెప్పులేసుకోబుద్ధవుతుంది.

ఇంటికి ఫోన్ చెయ్యి. నోటిఫికేషన్ మాట ఎత్తకముందే "ఇవాళ ఏం కూర వండావమ్మా" అని నువ్వే అడుగు.

ఉస్మానియా బిస్కట్ | సోమవారం, ఉదయం 10:02

కొత్తపేట, నేనుండేది దిల్‌సుఖ్‌నగర్. శుక్రవారం సాయంత్రం బజ్జీలకి వస్తావా? జిమ్ ఫ్రెండ్‌ని కూడా తెస్తా, వాడికి నడక అవసరం. మెసేజ్ పెట్టాను చూడు.

చెరువుగట్టు | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:15

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు క్షమించండి. అన్నీ చదివాను, కొన్ని మా ఆవిడకి చదివి వినిపించాను. పోపులపెట్టె గారి పోస్టు రెండుసార్లు చదవమంది.

బీపీ వారం చూశాను, సగటు 139/90. డాక్టర్ మందు ఇప్పుడే వద్దన్నారు. మూడు నెలలు ఉప్పు, నడక, బరువు చూసి అప్పుడు చెప్తామన్నారు. గురక ప్రశ్న మా ఆవిడని అడిగితే ఫోన్ తీసి రికార్డింగ్ వినిపించింది. నాలుగు నెలల కిందటిది! ఎందుకు చెప్పలేదంటే, "అడిగారా?" అంది. నిద్ర పరీక్ష వచ్చే వారం.

నోటుబుక్కు రాయించడం మొదలుపెట్టాం, తొమ్మిది పేజీలయింది. రాస్తూ రాస్తూ ఒక చోట ఆగి, "ఈ చిట్టీ సంగతి నాకు తెలీదే" అంది. ఆ పూట ఇంట్లో కుటుంబం ముక్కకి మార్కులు బాగా తగ్గాయి. పద్దుపుస్తకం గారూ, ఈ సంగతి ముందే చెప్పాల్సింది మీరు.

స్నేహితుల సంగతి. ఇంజినీరింగ్‌లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడు ఒకడున్నాడు, అల్వాల్‌లో ఉంటాడు. గొడవేమీ లేదు. తొమ్మిదేళ్ళుగా పుట్టినరోజు మెసేజ్‌లే. ఫోన్ చేశాను. ఎత్తగానే వాడి మొదటి మాట, "ఎవరు పోయార్రా?"

నోట మాట రాలేదు. ఎవరూ పోలేదురా, ఊరికే చేశాను అంటే నమ్మలేదు. డబ్బు అవసరమా అన్నాడు. ఉద్యోగం పోయిందా అన్నాడు. పది నిమిషాలు పట్టింది వాడికి నేను ఊరికే చేశానని నమ్మించడానికి. మర్నాడు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం, రెండున్నర గంటలు, మూడు చాయ్‌లు. వాళ్ళ అమ్మ పోయి రెండేళ్ళయిందట. నాకు తెలీదు. నాకెందుకు చెప్పలేదని అడగడానికి మొహం లేకపోయింది.

రెండో ఆదివారం, నాలుగో ఆదివారం కలుద్దాం అనుకున్నాం. రెండోదే తప్పిపోయింది, వాళ్ళ పాపకి జ్వరం. ఇవాళ కలిశాం.

నాన్నకి రోజూ రాత్రి ఎనిమిదింబావుకి ఫోన్. మాట్లాడేది ఏమీ ఉండదు, మూడు నిమిషాలు. మొన్న ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి ఎనిమిదిన్నర దాటింది. ఆయనే చేశారు. నాకు గుర్తున్నంతలో ఆయన తనంతట తానుగా ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఏంటి నాన్నా అంటే, "ఏం లేదు, సిగ్నల్ ఉందా లేదా అని" అన్నారు.

ఐదింటి జిమ్ చేరలేదు. నేర్చుకోవడం, ఆధ్యాత్మికం ముక్కలు అలాగే ఉన్నాయి, వాటికి ఇప్పుడు ఓపిక లేదు. కొత్తపేట తమ్ముడూ, ఎలా ఉన్నావు?

కొత్తపేట హాస్టల్ | ఆదివారం, రాత్రి 9:40

బాగున్నా సార్. 14416కి రెండుసార్లు చేశాను. లైబ్రరీకి వెళ్తున్నా. ఉస్మానియా అన్న బజ్జీల డబ్బులు నాతోనే ఇప్పిస్తున్నాడు.

రాత్రి బండి | ఆదివారం, రాత్రి 9:52

అన్నా, అక్క చెప్పిన చాయ్ ముచ్చట పనిచేస్తున్నది. కిటికీకి దుప్పటి కూడ కొట్టిన. మిక్సీ మాత్రం గట్లనే.

ఇంగో మాట. నీకు మూడో పేరు దొరకలే అన్నవు కదా. రాత్రి పదకొండింటికి ఊరి బయట అంటె నేను ఆడనే ఉంట. నంబర్ మెసేజ్ పెడ్త, రాస్కో. ఔటర్ మీద ఏ ఎగ్జిట్ కాడ ఆగినా వస్త.

చెరువుగట్టు | ఆదివారం, రాత్రి 9:58

పెట్టు తమ్మీ. రాసుకుంటా.

ఉస్మానియా బిస్కట్ | ఆదివారం, రాత్రి 10:03

అన్నీ బాగానే ఉన్నాయి గానీ సార్, ముందు స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసుకున్నారా?